ఎనిమిది మీటర్ల ఎనభై

రెండో దెబ్బకు కూడా మేకు దిగలేదు. జనవరి చలికి నేల బిగుసుకుపోయి ఉంది. భీమయ్య సుత్తి పక్కన పెట్టి, మగ్గుతో కాసిని నీళ్లు పోసి, నేల ఆ నీళ్లు తాగేదాకా గొంతుక్కూర్చున్నాడు. తర్వాత మూడు దెబ్బలు వేస్తే జానెడు మేకు బుద్ధిగా లోపలికి పోయింది. పైకి నాలుగు వేళ్లంత మిగిలింది. అదీ కేంద్రం. ఈ పూటకు ఆ మైదానంలో ఏ గీత ఎటు వంగాలన్నా ఆ మేకు చెప్పినట్టు వంగాల్సిందే.

మేకుకు ఇనప తీగ ఉంగరం తగిలించి, రెండో కొస పట్టుకుని వెనక్కి వెనక్కి నడిచాడు. తీగ బిగిసింది. పద్దెనిమిది మీటర్ల ఎనభై సెంటీమీటర్లు. నిన్న సాయంత్రం కొలిచాడు. పొద్దున రాగానే కొలిచాడు. ఇప్పుడు మళ్లీ టేపు పరిచి కొలిచాడు. కొలిచిందాన్నే కొలవడం చూసి కొత్తగా చేరిన టీచర్లు నవ్వుకుంటారు. నవ్వుకోనీ, నవ్వితే తీగ పొడుగవుతుందా, పొట్టిదవుతుందా!

అడుగున బెజ్జాలు కొట్టిన డబ్బా నిండా సున్నప్పొడి. దాన్ని ఎడమ చేత్తో ఆడిస్తూ, కుడిచేత్తో తీగ వదలకుండా, ఎండ్రకాయలా పక్కకు నడుస్తూ అర్ధవృత్తం గీస్తాడు భీమయ్య. మనిషి సన్నం. ఖాకీ ప్యాంటు పిక్కల దాకా మడిచి ఉంటుంది. చెవుల చుట్టూ మఫ్లరు. కళ్లద్దాలకు ఒక పక్క కాడ విరిగితే నల్లదారం కట్టుకున్నాడు. సున్నం తిని తిని అరచేతులు బీటలువారాయి. భార్య దమయంతి ఏళ్ల తరబడి కొబ్బరినూనె రాస్తూనే ఉంది, అవి పగులుతూనే ఉన్నాయి. ఆమే ఓడిపోదు, అవీ ఓడిపోవు.

రెండు వందల మీటర్ల ట్రాకు. ఇటొక నలభై మీటర్లు తిన్నగా, అటొక నలభై. మిగిలిన నూట ఇరవై, రెండు కొసల్లో రెండు అర్ధవృత్తాలై తిరగాలి. పరిగెత్తే పిల్ల గీత మీద కాలు వేయదు, ముప్పై సెంటీమీటర్లు ఎడంగా వెళ్తుంది. అందుకని పద్దెనిమిది ఎనభైకి ముప్పై కలుపుకోవాలి. పంతొమ్మిది పది. దాన్ని రెట్టించి, ఇరవై రెండుతో గుణించి, ఏడుతో భాగిస్తే నూట ఇరవై మీటర్ల ఆరు సెంటీమీటర్లు. ఆ ఆరు సెంటీమీటర్లు దేవుడి వాటా అనేవాడు రామచందర్ సర్. మహారాష్ట్ర అంచున ఇస్లాపూర్ పక్క పల్లెలో ఏడో తరగతికే బడి మానేసిన భీమయ్యకు వృత్తం నేర్పించింది ఆయనే. ఈ బడికి అప్పటి డ్రిల్ మాస్టరు. పోయి రెండేళ్లయింది.

ఇవాళ జనవరి ముప్పై ఒకటి. జిల్లా బడుల ఆటల పోటీలకు ఆఖరి రోజు. భీమయ్య నౌకరీకి కూడా ఆఖరి రోజు. అరవై నిండాయి. సాయంత్రం ఐదింటికి శాలువా కప్పి కొబ్బరికాయ చేతిలో పెడతారు. అక్కడితో ముప్పై ఏళ్ల చప్రాసీ బతుకు అయిపోతుంది. దానికి ఆయనకేం దిగుల్లేదు. దిగులంతా మూడు రోజుల కింద నోటీసు బోర్డు మీద అంటించిన జాబితాలో ఉంది. ఆశ్రమశాల, సర్ఖని. ఎనిమిది మంది పిల్లలు. వెంట వచ్చువారు: మంగళ మేడం.

చల్లకొచ్చి ముంత దాచడమెందుకు, ఆ సంగతి ఇప్పుడే చెప్పేస్తాను.

ఇరవై ఒక్క ఏళ్ల కింద ఇదే మైదానం, ఇవే పోటీలు. భీమయ్య తొమ్మిదేళ్లుగా టెంపరరీ. పర్మనెంటు ఆర్డరు ఆ నెలలోనే వస్తుందని ఆఫీసులో గుసగుసలు. అప్పుడు ఈ ఇనప తీగ లేదు, నూలుతాడు ఉండేది. ముందురోజు సాయంత్రం తాడు కొలిచి, పద్దెనిమిది ఎనభై దగ్గర ముడేసి, చుట్ట చుట్టి నల్లా పక్కన పెట్టి ఇంటికి పోయాడు. తెల్లవార్లూ ఆ నల్లా చుక్క చుక్క కారింది. నూలుతాడు తడిస్తే బిర్రబిగుసుకుని పొట్టిదవుతుంది. నేతగాళ్ల ఇంట్లో ఏ పిల్లవాణ్ణి అడిగినా ఈ మాట చెప్తాడు, భీమయ్య నేతగాళ్ల ఇంట్లో పుట్టినవాడే. అయినా తెల్లవారుజాము చలికి మొద్దుబారిన చేతులకు తడి తెలియలేదు. ముడి ఉంది కదా అని గీత గీసేశాడు.

పదిన్నరకు ఎనిమిది వందల మీటర్ల పరుగు. నాలుగు చుట్లు. సర్ఖని నుంచి వచ్చిన పదిహేనేళ్ల పిల్ల, కాళ్లకు బూట్లు కూడా లేవు, రెండు నిమిషాల ముప్పై ఒక్క సెకన్లలో వచ్చేసింది. పూనాలో ఆటల హాస్టలుకు పిల్లల్ని ఎంచుకోవడానికి వచ్చిన ఆఫీసరు రెండు నిమిషాల ముప్పై ఆరు లోపు అన్నాడు. జనమంతా లోపలి గీత తొక్కుకుంటూ ఆ పిల్ల మీదికి ఎగబడ్డారు. అంతలో ఎవరో, ట్రాకు పొట్టిగా ఉన్నట్టుందే, అన్నారు. టేపులు వచ్చాయి. గీత అప్పటికే సగం చెరిగిపోయింది. ఒకరు చుట్టుకు అర మీటరు తక్కువన్నారు, ఒకరు ఐదు మీటర్లన్నారు, ఇంకొకరు అసలు తక్కువే లేదన్నారు. ఆఫీసరు మంచివాడే. ఎంత తక్కువో ఒక్కరు కచ్చితంగా చెప్పండి, లెక్కకట్టి చూద్దాం, అన్నాడు. ఎవరూ చెప్పలేకపోయారు.

భీమయ్య తేలు కుట్టిన దొంగలా పంపుగది వెనక్కి పోయాడు. తాడు తీసి టేపు మీద పరిచాడు. ఇంకా చెమ్మగానే ఉంది. పద్దెనిమిది మీటర్ల నలభై ఐదు. ముప్పై ఐదు సెంటీమీటర్లు తక్కువ. సుద్దముక్కతో గోడ మీద లెక్క వేశాడు. ముప్పై ఐదుకు రెట్టింపు డెబ్భై. ఇరవై రెండుతో గుణించి ఏడుతో భాగిస్తే చుట్టుకు రెండు మీటర్ల ఇరవై. నాలుగు చుట్లకు ఎనిమిది మీటర్ల ఎనభై. సెకనుకు ఐదు మీటర్లకు పైన ఉరికే పిల్లకు అదెంత, రెండు సెకన్లు కూడా కాదు. అంటే రెండు నిమిషాల ముప్పై మూడు. ఇంకా మూడు సెకన్లు మిగులు. పిల్ల నెగ్గినట్టే!

అంకెలు గోడ మీద తెల్లగా కనిపిస్తున్నాయి. కానీ ఆ లెక్క పట్టుకుపోయి ఆఫీసరుకు చెప్పాలంటే, ముందు తాడు సంగతి చెప్పాలి. భీమయ్య ఎంతసేపు నిలబడ్డాడో ఆయనకే తెలియదు. ఆఖరికి అరచేత్తో గోడ తుడిచేశాడు. బయట ఆఫీసరు టైములన్నీ రద్దు అని రాసి, సాయంత్రం రైలుకు పోయాడు. మరుసటి ఏటికి ఆ పిల్లకు వయసు దాటిపోయింది. ట్రాకు తప్పు నాదే అని రామచందర్ సర్ సంతకం పెట్టి మాట పడ్డాడు. పెట్టి వచ్చి, పంపుగది వెనక పడి ఉన్న తడి తాడును తనే దండెం మీద ఆరేశాడు. ఒక్క మాట అనలేదు. ఆయన అప్పుడు తిట్టి ఉంటే ఎంత బాగుండునో అని భీమయ్య ఇన్నేళ్లూ అనుకున్నాడు.

తర్వాత రెండుసార్లు సర్ఖని బస్సెక్కాడు. మొదటిసారి ఇస్లాపూర్‌లోనే దిగిపోయి అన్న ఇంట్లో భోంచేసి వచ్చాడు. రెండోసారి సర్ఖని దాకా పోయి, బస్టాండు పక్క హోటల్లో రెండు చాయ్‌లు తాగి, అదే బస్సులో తిరిగొచ్చాడు. ఈ సంగతి ఈ లోకంలో దమయంతి ఒక్కదానికే తెలుసు.

ఇవాళ పొద్దున చాయ్ గ్లాసు చేతికిస్తూ దమయంతి అడిగింది.

"ఇయ్యాల జెప్తవా?"

"జెప్తనే."

"పింఛన్ కాయిదాల మీద పెద్దసాయెబు సంతకం గాలేదింక. ఆమె ఎవలకన్న జెప్పిందనుకో, చౌకశీ పెట్టి పింఛన్ ఆపుతరు. జెర ఆగి జెప్తే ఏమైతది?"

"అప్పుడు గూడ గట్లనే అనుకున్న. ఆర్డర్ రానీ, ఎన్కశీర్క జెప్తా అని." భీమయ్య చాయ్ ఊదుకున్నాడు. "రేపటి సంది నేను ఎవన్ని? ఆమె ఏడుంటదో, నేనేడుంటనో."

దమయంతి మఫ్లరు తెచ్చి ఇస్తూ, "ఐతే జెప్పిరా పో. చెప్పకుండ ఇంటికి రాకు," అంది. ఆ మనిషి అంతే. భయపెట్టేదీ తనే, ధైర్యం చెప్పేదీ తనే.

ఎనిమిదింటికి గజానన్ సర్ మోటారుసైకిల్ మీద వచ్చాడు. ఇప్పటి ఆటల టీచరు. మరాఠీ మనిషి, నవ్వుతూ ఉంటాడు. "కాయ్ మామా, ఆఖరి రోజైనా కూర్చోకూడదూ! ఫోన్లో యాప్ ఉంది, ట్రాకు అదే కొలుస్తుంది," అని మరాఠీలో వేళాకోళమాడాడు. మహారాష్ట్ర బళ్లలో చప్రాసీని అందరూ మామా అనే పిలుస్తారు. భీమయ్య నవ్వి, యాప్‌తో కొలుచుకోండి సర్, నేను మాత్రం టేపుతో కొలుస్తా, అన్నాడు. అని మళ్లీ కొలిచాడు.

తొమ్మిదిన్నరకు రెండు వందల మీటర్ల పరుగు దగ్గర ఏటేటా జరిగే జగడమే ఈ ఏడూ జరిగింది. బాబ్లీ వైపు నుంచి పిల్లల్ని తెచ్చిన శ్రీహరి అనే టీచరు, బయటి వరసలో పిల్లను లోపలి పిల్లకంటే ఇరవై మూడు మీటర్లు ముందు నిలబెట్టడం చూసి గంతులేశాడు.

"ఇదేం న్యాయం వయ్యా? మా పిల్ల లోపట లైన్ల ఉన్నదని ఇంత ఎన్కకు తోస్తరా?"

"బాబ్లీవాళ్లకు గోదావరి నీళ్ల దగ్గరే కాదు, నేల దగ్గర కూడా పంచాయితీయే," అని గజానన్ సర్ తల పట్టుకున్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు.

భీమయ్య మాత్రం ఓపిగ్గా చెప్పాడు. "సార్, బయట తిరిగెటోడు ఎక్కువ తిరుగుతడు. లైనుకు ఏడు మీటర్ల అరువై ఆరు. మూడు లైన్లకు ఇరువై మూడు. అందుకే గంత ముంగట నిలవెట్టేది. గ్రౌండు చిన్నదైన గంతే, పెద్దదైన గంతే."

"పెద్ద గ్రౌండుకు గూడ గంతేనా? నమ్మమంటవా?"

"రోలు చుట్టు తిరుగుండ్రి, ఊరు చుట్టు తిరుగుండ్రి. బయటోని కష్టం ఒక్క తీరుగనే ఉంటది. అనుమానముంటె ఇగో టేపు."

శ్రీహరి సర్ నిజంగానే టేపు పట్టుకుని కొలిచాడు. కొలిచి, మాట్లాడకుండా పోయి చెట్టు నీడన కూర్చున్నాడు. నిజంగా కొలిచేవాళ్లంటే భీమయ్యకు గౌరవం. ఆయనకు ఒక గ్లాసు చాయ్ పంపించాడు.

పదింటికి మంగళ కనిపించింది. ఎనిమిది మంది పిల్లల్ని వరసగా నడిపించుకుంటూ నల్లా దగ్గరికి వచ్చింది. ముప్పై ఆరేళ్లుంటాయి. ఒళ్లు కాస్త వచ్చింది. ముదురు నీలం చీర, భుజాన రెగ్జిను సంచి, చేతిలో పిల్లల పేర్ల కాయితం. గిరిజన పిల్లలు ఉండి చదువుకునే ఆశ్రమశాలలో ఆడపిల్లల వార్డెన్. ఆటల టీచరు పోస్టు నాలుగేళ్లుగా ఖాళీ కాబట్టి ఆ పనీ ఆమెదే. మనిషి ఎంత మారినా నిలబడే తీరు మారదు. ఎడమ కాలి మడమ కొంచెం లేపి, ఇప్పుడే ఎక్కడికో పోవాలన్నట్టు నిలబడుతుంది. భీమయ్య ఆ మడమను చూసి గుర్తుపట్టాడు.

"మామా, నల్లా నీళ్లు తాగెటియేనా?"

భీమయ్య నల్లా కింద మగ్గు పెట్టాడు. "తాగెటియే మేడం. రంజన్ కుండల్ల గూడ ఉన్నయి, సల్లగుంటయ్," అన్నాడు. ఇక చెప్పేద్దామనుకున్నాడు. అంతలో పిల్లలు ఒకరి మీద ఒకరు నీళ్లు చల్లుకున్నారు, ఆమె కసిరింది, వరస కట్టించి తీసుకుపోయింది. భీమయ్య మగ్గు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. అది నిండి పొర్లిపోతోందని ఎవరో చెప్తే గాని చూసుకోలేదు.

పదకొండున్నరకు ఎనిమిది వందల మీటర్లు. ఏటా ఆ పరుగు జరిగినంతసేపూ భీమయ్య ట్రాకు వైపు చూడడు, ఏదో ఒక పని కల్పించుకుని స్టోరుగదిలోకి పోతాడు. ఇవాళ పోలేదు. సర్ఖని పిల్ల పేరు సాక్షి. బక్కపల్చగా ఉంది, పెద్దకాళ్లు. మొదటి రెండు చుట్లు అందరికంటే ముందుంది. మంగళ తిన్నని దారి పక్కన నిలబడి "సాక్షీ, హళూ! మెల్లగ! ఊపిరి దాస్కో!" అని అరుస్తోంది. అరుస్తూ రెండడుగులు వేస్తుంది, పరిగెత్తబోయినట్టే పరిగెత్తబోయి, ఆగిపోతుంది. ఎవరో వెనక నుంచి కొంగు పట్టుకు లాగినట్టు. సాక్షి మూడో చుట్టులో అలిసిపోయి మూడోదిగా వచ్చింది. మంగళ ఆ పిల్లను దగ్గరికి తీసుకుని వీపు రాసింది. "ఏం గాదు. టైము ఖరాదే గదా, గది సాలు," అనడం భీమయ్య చెవిన పడింది. నిజమైన టైము వస్తే చాలు, అంటోంది.

ఆ మాట విన్నాక మధ్యాహ్నం భీమయ్య జొన్నరొట్టె సగంలో వదిలేశాడు. టిఫిన్ డబ్బా మూత పెట్టి, మంగళ కూర్చున్న వైపు రెండుసార్లు పోయాడు. మొదటిసారి ఆమె పిల్లలకు అన్నం వడ్డిస్తోంది. రెండోసారి ఫోన్లో ఎవరితోనో మాట్లాడుతోంది. ఇవి సాకులని ఆయనకూ తెలుసు. అడ్డు రావాలని మనం గట్టిగా కోరుకుంటే అడ్డంకులకేం కొదవ!

నాలుగున్నరకు బహుమతులు అయిపోయాయి. షామియానా కిందే భీమయ్యకు వీడ్కోలు. శాలువా కప్పారు. కొబ్బరికాయ చేతికిచ్చారు. పిల్లలు చప్పట్లు కొట్టారు. హెడ్‌మిస్ట్రెస్ విమలాబాయి మైకు ముందుకొచ్చి, కళ్లు తుడుచుకుంటూ మరాఠీలో చెప్పింది. "ముప్పై ఏళ్లు. ఈ మైదానంలో ఎన్ని వేల మంది పిల్లలు ఉరికారో! మన మామా గీసిన గీత మీద ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి కూడా ఫిర్యాదు రాలేదు." ఆమె ఈ బడికి వచ్చి పన్నెండేళ్లు. పాపం, ఆమెకేం తెలుసు.

వెనక వరసలో కూర్చున్న మంగళ తలెత్తింది. భీమయ్యను చూసింది. మామూలుగానే చూసింది, అందరూ చూసినట్టే. తర్వాత తల దించుకుని తన కాళ్ల వైపు చూసుకుంది. భీమయ్యకు శాలువా కింద ఒళ్లంతా చెమట పట్టింది. రెండు మాటలు మాట్లాడమన్నారు. మైకు పట్టుకుని "రామచందర్ సర్..." అన్నాడు. ఆ తర్వాత మాట పెగల్లేదు. పెద్దాయనకు దుఃఖం వచ్చింది కాబోలని జనం ఇంకా గట్టిగా చప్పట్లు కొట్టారు.

ఐదు దాటింది. జనం పల్చబడ్డారు. గేటు బయట సర్ఖని పిల్లలు అద్దె జీపులో ఎక్కి కూర్చున్నారు. మంగళ ఆఖరి గీత దగ్గర ఒక్కతే ఉంది, పిల్లలు మరిచిపోయిన రుమాళ్లు, నీళ్ల సీసాలు ఏరుకుంటోంది. భీమయ్య శాలువా తీసి కుర్చీ మీద వేశాడు. కొబ్బరికాయ కూడా అక్కడే పెట్టాడు. ఆ రెండూ దగ్గర పెట్టుకుని ఆ మాట చెప్పలేననిపించింది.

"మంగళ మేడం, ఒక్క మాట."

"జెప్పు మామా."

"నువ్వు ఇరువై ఒక్క ఏండ్ల కింద ఈడ ఉరికినవ్. ఎనిమిదొందల మీటర్లు."

ఆమె చెయ్యి ఆగిపోయింది. "నీకెట్ల యాదికున్నది?"

"ఆ గీత గీసింది నేనే. సర్ గాదు, నేను. తాడు నల్లా కింద నానింది. నానితె పొట్టిగైంది. నేను కొలువలే. ముడి ఉన్నది గదా అని గీసిన."

మంగళ సీసాలున్న సంచి నేల మీద పెట్టింది. నెమ్మదిగా అడిగింది.

"ఎంత తక్కువైంది?"

"చుట్టుకు రెండు మీటర్ల ఇరువై. నాలుగు చుట్లకు ఎనిమిది మీటర్ల ఎనుభై."

"గిది ఎప్పుడు తెలిసింది నీకు?"

"గప్పుడే. గంటల్నే. ఆఫీసరు ఇంక ఈడనే ఉన్నడు. నేను పంపు రూము గోడ మీద లెక్క గట్టిన. నీకు రెండు సెకండ్లు గూడ పెరుగయ్. పెరిగిన, మూడు సెకండ్లు మిగుల్తయ్. నువ్వు పాసైనవ్ బిడ్డా. నాకొక్కనికే తెలుసు." భీమయ్య కుడి అరచెయ్యి చాపి చూపించాడు. "చేతితోటి తుడిచేసిన."

"ఎందుకు?"

"నౌకరి పర్మనెంట్ గావాల్నని."

ఇన్నేళ్లుగా ఈ జవాబుకు చుట్టూ ఎన్నో మాటలు కూర్చి పెట్టుకున్నాడు. ఇంట్లో పరిస్థితి, తొమ్మిదేళ్ల ఎదురుచూపు, భయం. ఆమె ముందు నిలబడేసరికి అవన్నీ రాలిపోయి ఈ మూడు ముక్కలే మిగిలాయి.

మంగళ ముఖం ఎర్రబడింది. తిడుతుందనుకున్నాడు. తిట్టినా బాగుండేది.

"ఖోటా టైము అన్నరు మామా," అంది. "బళ్లె అన్నరు. ఊళ్లె అన్నరు. మా బాపు గూడ అన్నడు, నీది ఖోటా ఉరుకుడే అని. అనీ అనీ నేను గూడ గదే నమ్మిన. నా కాళ్లు నాకు అబద్ధం జెప్పినయనుకున్న. గప్పటి సంది ఉరకలే. పిల్లలకు నోటితోని నేర్పుత. ఒక్కపారన్న వాళ్ల ముంగట ఉరికి సూపెట్టలే." ఆమె తలెత్తి ఆయన్ని చూసింది. "ఒక్క కార్డు ముక్క రాస్తే ఏం బోతుండె నీది?"

"ఏం బోకపోతుండె," అన్నాడు భీమయ్య. ఏడుపు వచ్చేసింది. అరవై ఏళ్ల మనిషి, ఆఖరి గీత మీద నిలబడి పిల్లవాడిలా ఏడ్చాడు. వంగి ఆమె కాళ్లు పట్టుకోబోయాడు. ఆమె చటుక్కున వెనక్కి జరిగింది.

"నాకు మొక్కకు. కొలిచి సూపెట్టు."

"ఏంది?"

"గా ఎనిమిది మీటర్ల ఎనుభై. ఎంతనో నా కండ్లకు సూపెట్టు."

భీమయ్య జేబులోంచి టేపు తీశాడు. ఆఖరి గీత మీద ఒక కొస పెట్టి, దాని మీద రాయి పెట్టి, ముందుకు నడిచాడు. ఎనిమిది. ఎనిమిదిన్నర. ఎనిమిది ఎనభై. వంగి కళ్లద్దాలు సరిచేసుకుని అంకె మళ్లీ చూశాడు. డబ్బాలో మిగిలిన సున్నంతో అక్కడ అడ్డంగా ఒక గీత గీశాడు. జీవితంలో ఆయన గీసిన గీతల్లో అదే చిన్నది.

మంగళ ఆఖరి గీత దగ్గరే నిలబడి ఆ గీతను చూసింది. చూసి చూసి, "ఇంతేనా?" అంది.

"ఇంతే."

"నేను ఇంకా ఎంతో అనుకున్న. వంద మీటర్లో, రెండొందల మీటర్లో తక్కువుండెనేమో అనుకున్న." ఆమె ఎనిమిది పెద్ద అంగల దూరం వైపు తలాడించింది. "నడిమింట్లకెల్లి దర్వాజ కాడికి గింత ఉంటది."

గేటు దగ్గర జీపు హారను కొట్టింది. సాక్షి తల బయటపెట్టి "మేడం, చలా! డ్రైవర్ తిడుతుండు!" అని కేకేసింది. మంగళ సంచి భుజాన వేసుకుంది. పోతుందనుకున్నాడు. పోలేదు. చెప్పులు విడిచింది. చీర కుచ్చిళ్లు ఎత్తి నడుముకు దోపుకుంది. ఆఖరి గీత వెనక ఎడమ మడమ లేపి నిలబడింది.

భీమయ్య పక్కకు జరిగాడు. ఆమె ఉరికింది. ఒకటీ, అని ఆయన మనసులో లెక్కపెట్టుకుని రెండు అనేసరికి చిన్న గీత దాటేసింది. ఆగుతుందనుకున్నాడు. ఆగలేదు. నీళ్ల సీసాలు సంచిలో గలగల్లాడుతుండగా, కొంగు జారి వెనక ఎగురుతుండగా, మైదానం దాటి గేటుదాకా అదే వేగంతో పోయింది. జీపులో పిల్లలకు మొదట అర్థం కాలేదు. తర్వాత ఎనిమిది మందీ లేచి నిలబడి గోల గోలగా అరిచారు. "మేడం! మేడం! పళా! ఉరుకుండ్రి!" అని సాక్షి పైకప్పు మీద దరువు వేసింది. గజానన్ సర్ షామియానా కింద నుంచి నోరు తెరుచుకుని చూస్తుండిపోయాడు.

మంగళ ఒక చేత్తో జీపు రెయిలింగు పట్టుకుని ఎక్కింది. వెనక్కి తిరిగి చూడలేదు. క్షమించానని గానీ లేదని గానీ ఆమె అనలేదు. భీమయ్య కూడా అది అడగలేదు. జీపు దుమ్ము లేపుకుంటూ భోకర్ రోడ్డు వైపు తిరిగింది.

భీమయ్య టేపు చుట్టుకున్నాడు. తీగ చుట్టి, మేకు పీకి, స్టోరుగదిలో పెట్టి, తాళం వేసి, తాళపు చెవి గజానన్ సర్‌కు ఇచ్చాడు. ఆయన శాలువా, కొబ్బరికాయ తెచ్చి సైకిల్ క్యారియర్ మీద పెట్టి, "ఎవరు మామా ఆవిడ? ఏం ఉరికింది!" అన్నాడు.

"పద్ధతిగా టైము తీసి ఉంటే రెండు నిమిషాల ముప్పై మూడు సర్," అన్నాడు భీమయ్య మరాఠీలో. "ఎనిమిది వందలకు."

గజానన్ సర్‌కు ఏమీ అర్థం కాలేదు. భీమయ్య సైకిల్ ఎక్కలేదు. నడిపించుకుంటూ చౌఫాలా వైపు వెళ్లిపోయాడు, అక్కడ ఇంటి దగ్గర ఒక మనిషి జవాబు కోసం గుమ్మంలోనే నిలబడి ఉంటుంది.

మైదానంలో పొద్దు వాలింది. ఆఖరి గీత వెనక, సున్నం మీద, నీలం పట్టీల రబ్బరు చెప్పులు రెండున్నాయి. కుడికాలిది బోర్లా పడి ఉంది, దాని అడుగు మడమ దగ్గర నడిచి నడిచి కాయితమంత పల్చగా అరిగిపోయి, వేళ్ల దగ్గర మాత్రం కొత్తదానిలాగే ఉంది.